ఉంగరం రావడం లేదంటే: స్క్లీరోడెర్మా రోగిలో ఎలా బయటపడుతుంది

మీరు రాసింది నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను, తప్పుంటే సరిదిద్దండి. మీ అక్కగారికి 38 ఏళ్లు. ఎనిమిది నెలల కిందట చన్నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లు తెల్లగా పాలిపోవడం మొదలైంది. రెండు నెలలు తిరక్కముందే పొద్దున లేచేసరికి వేళ్లు ఉబ్బిపోయి ఉంగరం ఇరుక్కుంది. ఇప్పుడు చర్మం మోచేతుల పైదాకా గట్టిపడింది. ఒళ్లంతా దురద, రంగు నల్లబడింది, ఆరు కిలోలు తగ్గారు. కీళ్లవాతానికి చేసే రుమటాయిడ్ ఫ్యాక్టర్ నెగటివ్, సొంత కణాల మీదికి తిరిగే యాంటీబాడీలను చూసే ఏఎన్ఏ పరీక్ష మాత్రం బాగా పాజిటివ్. ఒక డాక్టరు కీళ్లవాతం అన్నారు, ఇంకొకరు చర్మవ్యాధి అన్నారు, మూడోవారు చర్మం గట్టిపడే స్క్లీరోడెర్మా కావచ్చని రుమటాలజిస్టుకి, అంటే ఇలాంటి జబ్బులు, కీళ్లు చూసే డాక్టరుకి, రాసిచ్చారు. ఈలోగా వాపు కోసం రోజుకి 20 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ వాడుతున్నారు. ముగ్గురికీ మూడు రకాలుగా ఎలా కనిపించింది, ఇది నిజంగా అదేనా, పిల్లలకి వస్తుందా అని మీ ప్రశ్నలు.

రుమటాలజీలో ఇరవై ఏళ్లు దాటిన అనుభవంతో రాస్తున్నాను. అయినా చేత్తో తాకి చూడకుండా ఈ జబ్బుని ఎవరూ ఖాయం చేయలేరు, నేను కూడా.

అన్నిటికన్నా ముందు ఆ స్టెరాయిడ్ సంగతి. మీరు దాన్ని చివరి వాక్యంలో మామూలుగా రాసేశారు కానీ నా కన్ను ముందు అక్కడే ఆగింది. కీళ్లవాతంలో ఆ మోతాదు కొన్నాళ్లు వాడితే పెద్దగా ఎవరూ కంగారు పడరు. చర్మం వేగంగా బిగుసుకుపోతున్న స్క్లీరోడెర్మాలో మాత్రం రోజుకి 15 మిల్లీగ్రాములు, ఆపైన వాడినవారిలో మూత్రపిండాలు ఉన్నట్టుండి దెబ్బతినే ప్రమాదం ఎక్కువని 1990ల నుంచీ తెలుసు. దీన్ని రీనల్ క్రైసిస్ అంటాం. అలాగని ఇది చదివి రేపటి నుంచి మాత్ర మానేయకండి. కొన్ని వారాలు వాడాక ఒక్కసారిగా ఆపితే ఇంకో రకం ప్రమాదం. ఇవాళే ఆ మందు రాసిన డాక్టరుకి ఫోన్ చేసి, స్క్లీరోడెర్మా అనుమానం ఉందని చెప్పి, ఎలా తగ్గించాలో అడగండి. ఇంట్లో బీపీ మిషన్ ఒకటి పెట్టుకుని రోజూ చూసి రాయండి. ఎప్పుడూ 110 ఉండే పై అంకె 140 అయితే అది చాలామందికి పెద్ద అంకెలా అనిపించదు, మీ అక్కగారికి మాత్రం అది అదే రోజు ఆసుపత్రికి వెళ్లాల్సిన అంకె. తలనొప్పి, చూపు మసకబారడం, మూత్రం తగ్గడం, కొత్తగా ఆయాసం వచ్చినా అంతే.

ఇక జబ్బు సంగతి. పేరులో చర్మం ఉంది. గ్రీకులో స్క్లీరోస్ అంటే గట్టి, డెర్మా అంటే చర్మం. ఈ పేరే చాలామందిని తప్పుదారి పట్టించింది. ఇది చర్మంతో మొదలవదు, చర్మంతో ఆగదు. మొదలయ్యేది సన్న రక్తనాళాల్లో. వాటి లోపలి పొర దెబ్బతింటుంది, రోగనిరోధక వ్యవస్థ మన కణాల మీదికే తిరుగుతుంది, ఆ రెండిటి ఒత్తిడికి మచ్చ కట్టే ఫైబ్రోబ్లాస్ట్ కణాలు అవసరానికి మించి కొలాజెన్ అనే పీచు పదార్థం తయారుచేస్తాయి. గాయం మానాక మచ్చ కట్టినట్టే, గాయం లేకుండా కడుతూ పోతుందన్నమాట. ఆ మచ్చ చర్మంలో పడితే బిగుతు, ఊపిరితిత్తిలో పడితే ఆయాసం, అన్నవాహికలో పడితే గుండెమంట. అందుకే రోగి ఏ బాధతో ముందు వెళ్తే ఆ విభాగం డాక్టరుకి అది ఆ విభాగం జబ్బులా కనిపిస్తుంది. మీ ముగ్గురు డాక్టర్లూ ఉన్నదే చూశారు, ఎవరి కిటికీలోంచి వాళ్లు.

వేళ్లు పాలిపోవడం దగ్గరికి వద్దాం. ఫ్రాన్స్‌కి చెందిన మోరిస్ రేనాడ్ అనే డాక్టరు 1862లో తన థీసిస్‌లో దీన్ని వర్ణించాడు, రేనాడ్స్ అని ఆయన పేరే మిగిలిపోయింది. చలికో టెన్షన్‌కో వేళ్ల రక్తనాళాలు బిగుసుకుని వేళ్లు తెల్లబడతాయి, తర్వాత నీలం తిరుగుతాయి, వేడి తగిలాక ఎర్రబడి సలుపుతాయి. పుస్తకంలో మూడు రంగులూ ఉంటాయి గానీ ఛామనఛాయ, నల్లటి చర్మం మీద అవి అంత స్పష్టంగా కనపడవు. "వేలు చచ్చినట్టు అయింది, బూడిద రంగులోకి పోయింది" అని రోగి అంటే నాకు చాలు. ఎక్కడివరకు పాలిపోయిందో గీత గీసినట్టు ఉందా అని మాత్రం అడుగుతాను.

రేనాడ్స్ ఉన్న ప్రతివాళ్లకీ స్క్లీరోడెర్మా రాదు. జనాభాలో 100 మందిలో 3 నుంచి 5 మందికి ఇది ఊరికే ఉంటుంది, వయసులో ఉన్న ఆడపిల్లల్లో మరీ ఎక్కువ. వాళ్లకి రెండు చేతులూ ఒకేలా పాలిపోతాయి, వేళ్ల చివర పుండ్లు పడవు, ఏఎన్ఏ నెగటివ్, ఏళ్ల తరబడి అంతకుమించి ఏమీ జరగదు. కానీ లెక్కని రెండో వైపు నుంచి చూడండి: స్క్లీరోడెర్మా రోగుల్లో 95 శాతం పైగా రేనాడ్స్ ఉంటుంది. కాబట్టి ముప్పై దాటాక కొత్తగా మొదలైతే, బొటనవేలు కూడా పాలిపోతుంటే, వేలి కొసన చిన్న గుంట పడి మానకపోతే ఊరికే వదలకూడదు.

గోరు మొదట్లో చర్మం మడత ఉంటుంది చూశారా, అక్కడ సన్న రక్తనాళాలు నేరుగా కంటికి చిక్కుతాయి. ఒంట్లో కోత లేకుండా ఇంత సులువుగా చూడగలిగే చోట్లు తక్కువ. ఒక చుక్క జెల్ వేసి, డెర్మటోస్కోప్ అనే లైటున్న భూతద్దంతో చూస్తాను. మామూలుగా అవి వరసగా పెట్టిన హెయిర్‌పిన్నుల్లా ఉంటాయి. ఈ జబ్బులో కొన్ని ఉబ్బి పెద్దవవుతాయి, పక్కన నలకంత రక్తం చిమ్మి ఉంటుంది, ఇంకా ముదిరితే వరసలో ఖాళీలు పడతాయి. రెండు నిమిషాల పని. నా మటుకు నాకు మొదటి కన్సల్టేషన్‌లో దీన్ని మించిన పరీక్ష లేదు, బోలెడు రక్త పరీక్షలు రాసిచ్చి గోళ్లు చూడకుండా పంపేవాళ్లని చూస్తే కోపం వస్తుంది.

తర్వాత వాపు. ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు, నేను కూడా తప్పాను. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో ఒకావిడ పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతున్నాయని, పిడికిలి పట్టడం లేదని వచ్చారు. కీళ్లవాతం అనుకుని నాలుగు నెలలు దానికే మందులిచ్చాను. ఐదో నెలలో ఆవిడే "డాక్టరుగారూ, నాకు కీళ్లు నొప్పి లేవు, తోలు చిన్నదైపోయింది" అన్నారు. అప్పుడు వేలి వెనక చర్మాన్ని చిటికెతో పట్టి చూస్తే పట్టు దొరకలేదు. కీళ్లవాతంలో వాపు కీలు దగ్గర ఉంటుంది, కణుపుల మధ్య వేలు మామూలుగానే ఉంటుంది. స్క్లీరోడెర్మా మొదట్లో వేలు మొత్తం ఉబ్బి గుండ్రంగా అవుతుంది, నొక్కితే గుంట పడదు. ఉంగరం బిగుసుకోవడం అందుకే. కొన్ని నెలలకి ఆ వాపు పోయి రోగి తగ్గిందని సంతోషిస్తారు. నిజానికి వాపు ఉన్నచోట బిగుతు వచ్చింది. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి చేతులు తిమ్మిరెక్కడం కూడా ఈ దశలో మామూలే, కొందరు దానికి ఆపరేషన్ కూడా చేయించుకుని వస్తారు.

చర్మం గట్టిపడటం ఎప్పుడూ వేళ్ల నుంచి పైకే పాకుతుంది. ఎక్కడిదాకా పాకిందన్నదాన్ని బట్టి రెండు రకాలు చేశారు. మోచేతులు, మోకాళ్లు దాటకుండా ఆగితే, ముఖం మీద ఉన్నా సరే, పరిమిత రకం. భుజాలు, తొడలు, ఛాతీ, పొట్ట మీదికి ఎక్కితే వ్యాపించే రకం. చర్మం ఎంత మందమైందో 17 చోట్ల చిటికెతో పట్టి, ఒక్కోచోట 0 నుంచి 3 మార్కులు వేస్తాం, మొత్తం 51కి. వినడానికి నాటుగా ఉంటుంది, కానీ ఔషధ పరిశోధనలన్నీ ఇప్పటికీ ఈ చిటికె మీదే నడుస్తున్నాయి.

ఈ రెండు రకాలకి నడకే వేరు. పరిమిత రకంలో రేనాడ్స్ ఒక్కటే అయిదేళ్లు, పదేళ్లు, కొందరిలో ఇరవై ఏళ్లు నడుస్తుంది. ఆ తర్వాత తీరిగ్గా వేళ్లు బిగుసుకుంటాయి, ముఖం మీద, పెదవుల మీద చిన్న ఎర్ర చుక్కలు, వేళ్లలో సుద్దముక్కల్లాంటి కాల్షియం గడ్డలు. వ్యాపించే రకంలో ఇంత ఓపిక ఉండదు. రేనాడ్స్, వాపు, బిగుతు అన్నీ ఒక ఏడాదిలోపే మీద పడతాయి. దురద, బరువు తగ్గడం, నీరసం వెంట వస్తాయి. రంగు నల్లబడి, మధ్యమధ్యలో తెల్ల మచ్చలు వచ్చి, వెంట్రుకల మొదళ్ల చుట్టూ మాత్రం రంగు మిగిలి ఉప్పూ మిరియాలూ చల్లినట్టు కనిపిస్తుంది. ఇది చూసి బొల్లి అనుకుని ఏళ్లు గడిపినవాళ్లు ఉన్నారు. మణికట్టో చీలమండో కదిపితే చెయ్యి కింద పాత తోలు చెప్పు కిర్రుమన్నట్టు తగలడం ఇంకో గుర్తు. అది స్నాయువుల రాపిడి. అది తగిలిందంటే జబ్బు వ్యాపించే రకమని, లోపలి అవయవాల మీద కన్నేయాలని అర్థం.

మీ అక్కగారి ఎనిమిది నెలల కథ ఈ రెండో రకంలా వినిపిస్తోంది. ఈ రకంలో చర్మం బిగుతు సాధారణంగా మొదటి రెండు మూడేళ్లలో పెరిగి, తర్వాత ఆగి, చాలామందిలో కొంత మెత్తబడుతుంది కూడా. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మెత్తబడ్డ రోజున ఏ మందు వాడుతుంటే ఆ మందుకే పేరొస్తుంది. ఇక లోపలి అవయవాలకి పెద్ద దెబ్బ తగిలేది కూడా ఆ తొలి నాలుగైదేళ్లలోనే. అంటే ఇప్పుడు.

లోపల ఏం జరుగుతోందన్నది రోగి చెప్పేదాన్ని బట్టి మాత్రమే నిర్ణయించకూడదు. ఊపిరితిత్తుల్లో మచ్చ కట్టడం మొదలైన కొత్తలో రోగికి ఏమీ తెలియదు. వేళ్లు, కీళ్లు పట్టేసి నడక తగ్గించేసిన మనిషికి ఆయాసం వచ్చే అవకాశమే రాదు కదా. పొడిదగ్గు మొదలయ్యేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. ఊది చూసే పరీక్ష ఒక్కటే చేసి నార్మల్ వచ్చిందని ఊరుకోవడం కూడా చాలదు. మొదట్లో ఒకసారి ఛాతీకి హై రిజల్యూషన్ సీటీ తీయాల్సిందే. ఒకప్పుడు ఈ జబ్బులో ప్రాణాలు తీసింది మూత్రపిండాలు. ఇప్పుడు ఆ స్థానం ఊపిరితిత్తులది. ఒకటి ఈ మచ్చ. రెండోది ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరగడం, ఇది సుమారు పది మందిలో ఒకరికి వస్తుంది, పరిమిత రకంలో చాలా ఏళ్లకి, మెట్లెక్కితే ఆయాసంతో బయటపడుతుంది. ఏడాదికోసారి ఎకో (గుండె స్కానింగ్), ఊపిరితిత్తుల పరీక్ష అందుకే. ఎకోలో అనుమానం వస్తే గుండె కుడివైపుకి కెథటర్ అనే సన్న గొట్టం పెట్టి ఒత్తిడి కొలిచాకే ఖాయం చేస్తాం.

పొట్ట సంగతి రోగులు చెప్పరు, మేం అడగం. పది మందిలో తొమ్మిది మందికి జీర్ణవ్యవస్థలో ఎక్కడో ఒకచోట ఇబ్బంది ఉంటుంది. గుండెమంట, ముద్ద మధ్యలో ఆగినట్టు ఉండటం, కొంచెం తిన్నా కడుపు నిండిపోవడం, విరేచనాలు ఒకవారం, మలబద్ధకం ఒకవారం. రక్తం తగ్గిపోతుంటే, ఐరన్ ఇస్తున్నా పెరగకపోతే, కొందరికి ఎండోస్కోపీలో జీర్ణాశయం కింది భాగం పుచ్చకాయ మీద చారల్లా ఎర్రగా కనిపిస్తుంది, అక్కడి నుంచి నెమ్మదిగా రక్తం కారుతుంటుంది. మలం ఆగకపోవడం గురించి అయితే సిగ్గుతో ఏళ్ల తరబడి నోరు విప్పరు. మీ అక్కగారిని మీరు అడగలేరు, ఇంట్లో ఆడవాళ్లెవరైనా అడిగి కనుక్కుంటే మంచిది.

రీనల్ క్రైసిస్ గురించి ఇంకొక్క మాట. కాప్టోప్రిల్ కుటుంబం బీపీ మందులు రాకముందు ఇది వస్తే ఏడాది తర్వాత బతికి ఉన్నవారు 15 శాతం. ఆ మందులు ఇచ్చినవారిలో అది 76 శాతం అయిందని 1990లో వచ్చిన లెక్క. ఈ జబ్బు చరిత్రలో ఇంత పెద్ద మార్పు తెచ్చిన మందు ఇంకొకటి లేదు. అయితే ముందు జాగ్రత్తగా అందరికీ ఇచ్చేయడం వల్ల లాభం కనపడలేదు, పైగా అది బీపీని కప్పిపెట్టి మోసం చేస్తుంది. అందుకే మాత్ర కన్నా బీపీ మిషన్ ముఖ్యం అంటున్నాను.

ఇక మీ రిపోర్టు. ఏఎన్ఏ పాజిటివ్ అన్నది సగం మాటే. ఈ రోగుల్లో 90 శాతం పైగా అది పాజిటివ్ ఉంటుంది, నిజమే, కానీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా కొందరికి ఉంటుంది. ఏ యాంటీబాడీ అన్నదే అసలు కబురు. మూడు పేర్లు గుర్తుపెట్టుకోండి: సెంట్రోమియర్, ఎస్‌సీఎల్-70, ఆర్ఎన్ఏ పాలిమరేజ్ 3. మొదటిది ఉంటే సాధారణంగా పరిమిత రకం. రెండోది ఉంటే ఊపిరితిత్తుల మీద కన్ను. మూడోది ఉంటే చర్మం వేగంగా బిగుసుకుంటుంది, రీనల్ క్రైసిస్ ప్రమాదం అందులోనే ఎక్కువ, పైగా జబ్బు మొదలైన కాలంలోనే ఎక్కడో క్యాన్సర్ ఉండే అవకాశం కొంత ఉంటుంది కాబట్టి వయసుకి తగ్గ పరీక్షలు చేయిస్తాం. ఒక మనిషిలో మామూలుగా ఒక్కటే ఉంటుంది. చాలా ల్యాబుల ప్యాకేజీలో ఈ మూడోది ఉండదు. ఎనిమిది నెలల్లో ఇంత పాకిన మనిషికి, 20 మిల్లీగ్రాముల స్టెరాయిడ్ మీద ఉన్న మనిషికి, నేనైతే దాన్ని ప్రత్యేకంగా అడిగి చేయిస్తాను.

"నిజంగా అదేనా" అన్నారు. 2013లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి చేసిన లెక్క ప్రకారం 9 మార్కులు వస్తే ఈ జబ్బు కింద వర్గీకరిస్తారు. రెండు చేతుల వేళ్లలో చర్మం గట్టిపడి, వేళ్లు అరచేతికి కలిసే కణుపులు దాటి పైకి పాకితే ఆ ఒక్కదానికే 9. మీరు రాసింది నిజమైతే ఇంకే పరీక్షా లేకుండా సరిపోతుంది. కానీ దాన్ని పోలిన జబ్బులు కొన్ని ఉన్నాయి, వాటిని పక్కన పెట్టాకే ఈ లెక్క. వేళ్లని వదిలేసి ముంజేతులు, కాళ్లు మాత్రం నారింజ తొక్కలా గట్టిపడి, రేనాడ్స్ లేకపోతే అది ఇయోసినోఫిలిక్ ఫేషియైటిస్, దానికి స్టెరాయిడ్ బాగా పనిచేస్తుంది. షుగరు చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకి మెడ, వీపు పైభాగం దట్టంగా అవడం ఇంకొకటి. చర్మం మీద అక్కడక్కడా బిళ్లల్లా గట్టిపడితే అది మార్ఫియా, లోపలి అవయవాల జోలికి పోదు. చేతులు ఉబ్బి, కండరాల నీరసం, కీళ్లవాపు, లూపస్ (రోగనిరోధక వ్యవస్థ తిరగబడే ఇంకో జబ్బు) లక్షణాలు అన్నీ కలగాపులగంగా ఉండి, యూ1 ఆర్ఎన్‌పీ అనే యాంటీబాడీ పాజిటివ్ వస్తే మిక్స్‌డ్ కనెక్టివ్ టిష్యూ డిసీజ్, దాన్ని 1972లో వేరే జబ్బుగా గుర్తించారు. మీ అక్కగారి వేళ్లే మొదట బిగుసుకున్నాయి, రేనాడ్స్ ఉంది, ఇవన్నీ అంత సరిపోవు. మగవాళ్లలో అయితే రాళ్లు కొట్టడం, గనుల్లో పని, సిలికా దుమ్ము గురించి తప్పకుండా అడుగుతాను, ఆ దుమ్ముకీ ఈ జబ్బుకీ సంబంధం ఉంది.

చిత్రకారుడు పాల్ క్లీకి ఈ జబ్బే ఉండేదని అంటారు. 1935లో నలతగా మొదలై, ముఖం బిగుసుకుపోయి, 1940లో స్విట్జర్లాండ్‌లో చనిపోయాడు. జబ్బు పేరు ఆయన పోయాక వైద్యులు ఉత్తరాలు, ఫొటోలు చూసి కట్టిన అంచనాయే. ఆఖరి ఏళ్లలో ఆయన గీతలు లావయ్యాయి, కానీ బొమ్మల సంఖ్య మాత్రం విపరీతంగా పెరిగింది. చేతులు పనికిరాకుండా పోతాయేమోనని భయపడే రోగులకి నేను ఇది చెప్తుంటాను.

మందుల వివరాల్లోకి ఇప్పుడు వెళ్లను, పరీక్షలు కాకుండా అది గాలిలో మాట. ఏ అవయవం దెబ్బతింటే దానికి తగ్గ మందు. చర్మానికి, ఊపిరితిత్తులకి ఎక్కువగా రోగనిరోధక శక్తిని అణిచే మైకోఫినోలేట్ మొదలుపెడతారు. ఊపిరితిత్తుల మచ్చకి నింటెడానిబ్ 2019లో, టోసిలిజుమాబ్ 2021లో అమెరికాలో ఆమోదం పొందాయి. వేళ్లకి రక్తనాళాల్ని వదులు చేసే నిఫెడిపిన్ లాంటివి, పుండ్లు పడితే సిల్డెనాఫిల్, ఐలోప్రోస్ట్. మీ అక్కగారికి ఇంకా పిల్లలు కావాలన్న ఆలోచన ఉంటే మొదటి రోజే డాక్టరుకి చెప్పాలి, మైకోఫినోలేట్ గర్భంలో పనికిరాదు. ఇంట్లో ఈలోగా చేయగలిగింది: వేళ్లొక్కటే కాకుండా ఒళ్లంతా వెచ్చగా ఉంచుకోవడం, పొగ తాగేవాళ్లయితే పూర్తిగా మానడం, రోజూ వేళ్లు, నోరు సాగదీసే వ్యాయామం. నోరు చిన్నదైపోయాక పళ్ల డాక్టరు దగ్గర నరకం కాబట్టి పళ్ల పని ఏమైనా ఉంటే ఇప్పుడే చేయించండి.

పిల్లల గురించి. ఇది తల్లి నుంచి బిడ్డకి నేరుగా దిగే జబ్బు కాదు. ఈ జబ్బున్న 100 కుటుంబాల్లో ఒకటి రెండింటిలోనే దగ్గరి రక్తసంబంధీకుల్లో ఇంకొకరికి వస్తుంది. బయటివాళ్లతో పోలిస్తే అది ఎక్కువే, కానీ మిగతా 98 కుటుంబాల్లో ఇంకెవరికీ రాదు. పిల్లలకి ఏ లక్షణమూ లేకుండా ఏఎన్ఏ చేయించకండి, పాజిటివ్ వస్తే ఏం చేయాలో ఎవరికీ తెలియని కాగితం ఒకటి చేతికొస్తుంది.

రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు ఏది ఎప్పుడు మొదలైందో నెలలవారీగా ఒక కాగితం మీద రాసుకెళ్లండి, జబ్బు వచ్చాక తీసిన ఫొటోతో పాటు రెండేళ్ల కిందటి ఫొటో కూడా. ఉంగరం కత్తిరించకుండా ఇంకా వేలికే ఉంటే ముందు అది తీయించండి. వారం రోజుల బీపీ అంకెలు, మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్, ఆ మూడు యాంటీబాడీల ఫలితం వచ్చాక ఇక్కడే పెట్టండి, చూస్తాను. సీటీ ఫొటోలు అక్కర్లేదు, రిపోర్టులో ఉన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తే చాలు.